గంజాయికి కిలో, ఎండీఎంఏకి అరగ్రాము: మాదకద్రవ్యాల చట్టం దేన్ని ఎలా తూస్తుంది?

అద్దెకున్న కుర్రాడి గదిలో గంజాయి దొరికితే ఇంటి ఓనరుకు ఏమవుతుంది? మహదేవపురలో పైపోర్షన్ అద్దెకిచ్చినవాళ్లు, హూడి, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు పీజీలు నడిపేవాళ్లు మనవాళ్లలో తక్కువేమీ కాదు. అందుకే ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు. దొరికింది ఏ పదార్థం, ఎంత బరువు, ఓనరుకు ముందే తెలుసా అన్న మూడింటి మీద జవాబు ఆధారపడి ఉంటుంది.

ఎన్‌డీపీఎస్ చట్టం 1985 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. మొదట్లో హెరాయిన్ వంటివి కొద్దిగా దొరికినా కనీసం పదేళ్ల శిక్ష పడేది. సొంత వాడకానికేనని నిందితుడే నిరూపించుకుంటే తప్ప తగ్గేది కాదు. వాడేవాడినీ అమ్మేవాడినీ ఒకే గాటన కట్టడం సరికాదని 2001లో చట్టాన్ని సవరించి, ఒక్కో పదార్థానికి రెండు హద్దులు పెట్టారు. మొదటిది ‘స్వల్ప పరిమాణం’, రెండోది ‘వాణిజ్య పరిమాణం’. గంజాయికి అవి 1 కిలో, 20 కిలోలు. చరస్‌కు 100 గ్రాములు, 1 కిలో. హెరాయిన్‌కు 5, 250 గ్రాములు. కొకైన్‌కు 2, 100 గ్రాములు. ఎండీఎంఏకి అరగ్రాము, 10 గ్రాములు. ఎల్‌ఎస్‌డీకి 2 మిల్లీగ్రాములు, 100 మిల్లీగ్రాములు.

స్వల్ప పరిమాణమైతే ఏడాది వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. మధ్యలో ఉంటే పదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. రెండో హద్దు దాటితే మాత్రం కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు. అప్పుడు బెయిలు రావడం కూడా కష్టమే. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన ఆధారం కోర్టుకు కనబడాలి.

పిల్లలున్న ఇళ్లవాళ్లు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. కల్తీతో కలిపి మొత్తం బరువునే తూకం వేయాలని 2020 ఏప్రిల్‌లో హీరాసింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అసలు మందు ఎంతుందన్నది చూడరు. ఒక్కో ఎండీఎంఏ మాత్ర 300 మిల్లీగ్రాములు అనుకుంటే, 34 మాత్రలకే 10 గ్రాములు దాటుతుంది. స్నేహితులందరి కోసం ఒకడు తెచ్చిపెట్టిన పొట్లం ఆ కుర్రాడిని పదేళ్ల శిక్ష దాకా తీసుకెళ్లగలదు.

ఈ పట్టిక ప్రమాదాన్ని సరిగ్గా కొలుస్తుందా? మా ఉద్దేశంలో సగమే కొలుస్తుంది. ఎల్‌ఎస్‌డీ మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది కాబట్టి దాని హద్దు చిన్నదిగా ఉండటం సబబే. కానీ సారాయి, సిగరెట్టు అసలు ఈ పట్టికలోనే లేవు. 2010లో బ్రిటన్‌లో డేవిడ్ నట్ బృందం ఇరవై పదార్థాలను, వాడేవాడికీ చుట్టూ ఉన్నవాళ్లకీ జరిగే హానిని కలిపి వందకు మార్కులు వేసింది. మద్యానికి 72, హెరాయిన్‌కు 55 వచ్చాయి. అంతకుముందు ఏడాదే ఆయనను ప్రభుత్వ సలహా పదవి నుంచి తప్పించారు. గంజాయి వర్గీకరణపై సర్కారు నిర్ణయాన్ని ఆయన బహిరంగంగా తప్పుపట్టడమే కారణం.

మన దగ్గర గంజాయి కథే వేరు. చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలు. వాటితో కలవని ఆకులు, విత్తనాలు ఆ నిర్వచనంలోకి రావు. 29 కిలోల భంగు పట్టుబడిన బెంగళూరు కేసులో 2022 ఆగస్టులో కర్ణాటక హైకోర్టు ఈ సంగతే గుర్తుచేసి బెయిలు ఇచ్చింది. భంగుకు అడ్డేమీ లేదని దీని అర్థం కాదు, అది రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాల కిందికి వస్తుంది.

ఇక ఆల్‌ప్రాజోలం. మన పెద్దవాళ్లకు డాక్టర్లు రాసే నిద్రమాత్రే ఇది. తెలంగాణలో కల్తీ కల్లులో కలుపుతున్నదీ ఇదే. దీని హద్దులు 5 గ్రాములు, 100 గ్రాములు. డాక్టరు చీటీ ఉంటే సొంత చికిత్స కోసం ఒకసారికి 100 మాత్రల వరకు దగ్గర ఉంచుకోవచ్చు. అంతకు మించి కావాలంటే ఎక్కువకాలం వాడాలని డాక్టరు ప్రత్యేకంగా రాసి ఉండాలి. ఊరికి వెళ్లేటప్పుడు అమ్మమ్మ మాత్రలతో పాటు చీటీ కూడా సంచిలో పెట్టండి.

ఇప్పుడు ఓనరు సంగతి. సెక్షన్ 25 ప్రకారం, తెలిసి కూడా తన ఇంటిని ఇలాంటి నేరానికి వాడుకోనిస్తే, ఆ నేరానికి ఉన్న శిక్షే ఓనరుకూ పడుతుంది. ‘తెలిసి’ అన్న మాటే ఇక్కడ కీలకం. కాబట్టి అద్దె ఒప్పందం, గుర్తింపు కార్డుల నకళ్లు దగ్గర ఉంచుకోండి. అనుమానం వస్తే మౌనంగా ఉండకండి. ‘మనవాడే కదా, పోనీలే’ అని ఊరుకున్న ఓనరుకు, తర్వాత నాకు తెలియదని చెప్పుకోవడం కష్టమవుతుంది.

అలవాటు పడిన పిల్లవాడి విషయంలో మాత్రం చట్టం ఒక తలుపు తెరిచే ఉంచింది. వాడినందుకు గానీ స్వల్ప పరిమాణంతో గానీ పట్టుబడ్డ బానిస తానుగా ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు చేరితే, సెక్షన్ 64ఏ కింద విచారణ నుంచి మినహాయింపు పొందవచ్చు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ మినహాయింపు పోవచ్చు. మనకు దగ్గర్లో హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్స విభాగం ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ నంబరు 14446.