పౌన్లు, మీటర్లు, ఒక బోడి అంకె

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్రాయమని కార్యవర్గం వారు కోరారు. రాజుల చరిత్ర వ్రాసే పాండిత్యం నాకు లేదు. ముప్పై ఏడేళ్ళు ఫైళ్ళ మధ్య గడిపిన గుమాస్తాను. నాకు కాస్తో కూస్తో తెలిసింది కొలతల చరిత్రే. అందులోనూ ఒక తప్పు చేసి నేర్చుకున్నది.

ఈ మధ్య రక్తపోటు పరీక్షకు వెళ్ళినప్పుడు పక్కన కూర్చున్న మిత్రులు "నాకు 140 అన్నారు, 140 ఏమిటండీ?" అని అడిగారు. మనలో చాలామంది రోజూ మాత్ర మింగుతున్నాం గాని ఈ ప్రశ్న వేసుకోలేదు. అవి పాదరసం మిల్లీమీటర్లు. 140 అంటే పద్నాలుగు సెంటీమీటర్ల పాదరసాన్ని నిలబెట్టగల ఒత్తిడి. పాదరసం నీటికంటే 13.6 రెట్లు బరువు గనుక అదే నీరైతే సుమారు 190 సెంటీమీటర్లు, అంటే ఆరడుగుల పైచిలుకు. స్కూటరు టైరుకు గాలి కొట్టే మనిషి భాషలో చెప్పాలంటే 2.7 పౌన్లు. ఒత్తిడి ఒకటే, పేర్లు మూడు.

ఇన్ని పేర్లు ఎందుకు వచ్చాయి? మన చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అప్పుడు మనం మద్రాసు రాజధానిలో ఉన్నాం. సంతలో విసె, మణుగు, కొలతకు పడి. ఇంజనీర్ల కాగితాల్లో మాత్రం అడుగు, అంగుళం, పౌను. యంత్రాలన్నీ సీమ నుంచి వచ్చేవి గనుక వాటి ముల్లు చదరపు అంగుళానికి ఇన్ని పౌన్లు అని చూపేది. విసె అంటే సుమారు 1.4 కిలోలు, దానికి ఎనిమిది రెట్లు మణుగు. రైతు విసెల్లో అమ్మితే, రైల్వేవారు పౌన్లలో తూచేవారు.

స్వాతంత్ర్యం వచ్చాక 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం చేశారు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. నేనప్పుడు చిన్న తరగతిలో ఉన్నాను. అణాకు ఆరు నయాపైసలు, పదహారణాలకు మాత్రం తొంభై ఆరు కాక నూరు! ఆ నాలుగు పైసలు ఎక్కడ పోయాయని మా నాయన దుకాణంలో తగువు పెట్టుకున్నాడు. 1958 అక్టోబరు నుంచి కిలోగ్రాము అమలు కావడం మొదలైంది. 1976 చట్టంతో అంతర్జాతీయ ప్రమాణాలు వచ్చాయి. అంతకు ముందే 1971లో ఒత్తిడి ప్రమాణానికి పాస్కల్ అని ప్రపంచ సభలో పేరు పెట్టారు. ఫ్రాన్సు దేశపు పాస్కల్ 1648లో తన బావగారిని పాదరసం గొట్టంతో కొండ ఎక్కించి, పైకి పోయేకొద్దీ గాలి బరువు తగ్గుతుందని రుజువు చేయించాడు. మన హార్స్‌లీ కొండ మీద కూడా గాలి ఒత్తిడి సముద్రతీరం కంటే సుమారు ఏడోవంతు తక్కువే.

చట్టం మారినంత తొందరగా యంత్రం మీది ముల్లు మారదు. నేను ఉద్యోగంలో చేరిన 1971 నాటికి కాగితాల్లో మీటర్లు, మేస్త్రీల నోట అడుగులు, గేజీల మీద పౌన్లు. ఈ మూడింటి నడుమ గుమాస్తా.

1978లో అనుకుంటాను, పడమటి తాలూకాలో ఒక గుట్టమీది పల్లెకు తాగునీటి పథకం మంజూరైంది. బావి నుంచి ట్యాంకుకు 60 మీటర్ల ఎత్తు. పంపులకు కొటేషన్లు పిలిచారు. తులనాత్మక పట్టిక తయారు చేసింది నేను. ఒకరు 65 మీటర్ల ఎత్తు అన్నారు, మరొకరు 150 అడుగులు అన్నారు. నేను "ఎత్తు" అని గడి గీసి, ఒకదాని కింద 65, ఒకదాని కింద 150 అని బోడి అంకెలు వేశాను. రెండోది ధర తక్కువ, అంకె పెద్దది. ఇంకేం, దానికే ఆర్డరు పోయింది. 150 అడుగులంటే 45.7 మీటర్లే అని ఆ రోజు నాకు తోచలేదు.

పంపు బిగించారు. మోటారు తిరిగింది. ట్యాంకులో చుక్క పడలేదు. నన్ను పంపితే వెళ్ళి చూశాను. గేజీ ముల్లు 65 దగ్గర నిలబడి ఉంది. "65 చూపిస్తోంది కదయ్యా, ఇంకేమి?" అన్నాను గట్టిగా. మేస్త్రీ తలపాగా సర్దుకుని, "సార్, అవి పౌన్లు. మీరనేది మీటర్లు. పౌనుకు రెండుంబావు అడుగులు, పైన కొంచెం. నీళ్ళు నూటయాభై అడుగుల కాడ నిలబడిపోయినాయి" అన్నాడు. ఆయన లెక్క సరే. పౌనుకు 2.31 అడుగుల నీరు. 65ను దానితో హెచ్చిస్తే 150. ట్యాంకు 197 అడుగుల మీద ఉంది.

ఆ మేస్త్రీయే ఆ రోజు మరో రెండు పాఠాలు చెప్పాడు. ఒకటి బలం. ఆరంగుళాల పైపు మూతి వైశాల్యం సుమారు 28 చదరపు అంగుళాలు. దాన్ని 65తో హెచ్చిస్తే 1,800 పౌన్లు, అంటే 830 కిలోలకు పైగా. "రెండు ఎద్దులు ఆ మూతను తోస్తా ఉన్నట్టు లెక్క. ఎదురుగా నిలబడొద్దు సార్" అన్నాడు. రెండోది తిప్పుడు బలం, టార్క్. అడుగు పొడవు స్పానరును 40 పౌన్లతో లాగితే 40 అడుగు-పౌన్లు, నేటి లెక్కలో 54 న్యూటన్ మీటర్లు. స్పానరుకు పైపు తొడిగి రెండడుగులు చేస్తే అదే చేతికి రెట్టింపు. బోల్టు తెగేది అక్కడే. ఇది కొత్త విద్య కాదు. మన పొలాల ఏతం దూలం కూడా ఇదే. ఇరుసుకు ఎంత ఎడంగా మనిషి అడుగు వేస్తే అంత బరువు లేస్తుంది. కొండ ఎక్కే బస్సుల చక్రాల నట్లు బిగించే వారికీ ఇదే లెక్క.

తిరిగి వస్తుంటే ఒక అవ్వ ఖాళీ బిందెతో ఎదురైంది. "ఏం నాయనా, మీ కాగితాల్లో నీళ్ళు వచ్చేసినాయంట. మా కొళాయిలో రాలేదే!" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను. పంపు మార్చేసరికి ఆ ఎండాకాలం దాటిపోయింది. వాళ్ళు గుట్ట దిగి బావికే పోయారు. నాకు మెమో వచ్చింది, సంజాయిషీ వ్రాశాను. తప్పు నాదే. మెమో మరిచిపోయాను గాని ఆ బిందె మరిచిపోలేదు.

తర్వాత పదవీ విరమణ వరకు నా బల్ల గాజు కింద ఒక చీటీ ఉండేది. సభ్యుల ఉపయోగార్థం ఇస్తున్నాను.

చదరపు సెంటీమీటరుకు ఒక కిలో అంటే 14.22 పౌన్లు, పది మీటర్ల నీరు.
ఒక పౌను అంటే 6,895 పాస్కళ్ళు, 2.31 అడుగుల నీరు.
ఒక బారు అంటే లక్ష పాస్కళ్ళు, 14.5 పౌన్లు.
గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసం, 14.7 పౌన్లు, 1,013 హెక్టోపాస్కళ్ళు.

ఈ నాటికీ బోరు లోతు అడుగుల్లోనే చెబుతాం, పైపు మీద కిలోలు అచ్చువేస్తారు, టైరుకు ముప్పై పాయింట్లు అంటాం. అది తప్పని నేననను, అలవాటు అలాంటిది. కాని మనవడికి మోటారు కొనే కాగితం వ్రాసినా, డాక్టరుకు చూపే పుస్తకంలో రక్తపోటు వ్రాసినా, అంకె పక్కన అది దేని అంకో వ్రాయండి. ఆ ఒక్క మాట వ్రాయడానికి నాకు ఆ రోజు అర నిమిషం పట్టేది కాదు.

– ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, తిరుపతి