ఏ నీళ్లు తాగుతున్నారమ్మా?

యథార్థ గాథ

1930ల మధ్యకాలం. అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన రోగులను చూసి మద్రాసు వైద్యులకు దిక్కు తోచడం లేదు. వాళ్లంతా రెక్కాడితే గానీ డొక్కాడని పల్లె జనం. మొదట్లో కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కాయన్నారు. తర్వాత నడుము పట్టేసింది. ఆ బిగుతు ఏడాదికేడాదీ పైకి పాకి మెడదాకా వచ్చింది. ఇప్పుడు వెన్ను మొత్తం రోకలిలా ఒకటై బిగుసుకుపోయింది. పక్కన ఎవరైనా పిలిస్తే తల తిప్పలేరు, ఒళ్లంతా తిప్పాలి. పక్కటెముకలు కదలవు కాబట్టి ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ లేవదు, పొట్ట ఒక్కటే ఎగిసిపడుతుంది. చివరికి మంచమే గతి. మలమూత్రాల మీద అదుపు పోతుంది. తెలివి మాత్రం చివరిదాకా చెక్కుచెదరదు. తన శరీరం రాయి అవుతుంటే ఆ మనిషి అన్నీ తెలిసి చూస్తూ ఉండాల్సిందే.

జనరల్ ఆసుపత్రి వైద్యుడు మెక్‌రాబర్ట్, ఎక్స్‌రే నిపుణుడు బర్నార్డ్, గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ అధిపతి షార్ట్, వారితో మన్నాడి నాయర్ ఈ మర్మం ఛేదించడానికి పూనుకున్నారు. ఎక్స్‌రే ఫిల్ములో వెన్నుపూసలు ఉండాల్సిన దానికంటే తెల్లగా, చిక్కగా కనిపించాయి. మెత్తగా సాగాల్సిన స్నాయువుల్లో సున్నం (కాల్షియం) పేరుకుని అవీ ఎముకలైపోయాయి. ఇది క్షయ కాదు, సవాయి కాదు, మామూలు వాతమూ కాదు.

అప్పుడు వైద్యుల చూపు రోగి మీద నుంచి రోగి ఊరి మీదికి మళ్లింది. ఈ జబ్బు మనుషులంతా పొదిలి, దర్శి, కనిగిరి వైపు వాళ్లే ఎందుకు? ఆ ఊళ్లలో పుట్టి పెరిగిన పిల్లల పళ్ల మీద సుద్ద మచ్చలు, గోధుమరంగు చారలు ఎందుకున్నాయి? షార్ట్‌తో పాటు సి.జి. పండిట్, నీటి పరీక్షల నిపుణుడు టి.ఎన్.ఎస్. రాఘవాచారి ఆ పల్లెల బావుల నీళ్లు పరీక్షించారు. జవాబు నీళ్లలోనే దొరికింది. అది ఫ్లోరైడ్. రంగు లేదు, వాసన లేదు, నాలుకకు తెలిసే రుచీ లేదు. ఇండియన్ మెడికల్ గెజెట్‌లోనూ, ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్‌లోనూ 1937లో వచ్చిన వ్యాసాలు మన దేశంలో తాగునీటి వల్ల వచ్చే ఫ్లోరోసిస్ అనే ఈ ఎముకల జబ్బును మనుషుల్లో తొలిసారి నిర్ధారించాయి. ఆ పరిశోధనకు నేల తెలుగునేల. అందులో వేదన పడ్డ శరీరాలు తెలుగువాళ్లవి.

అంతకు ఐదేళ్ల ముందు, 1932లో, డెన్మార్క్‌లో క్రయోలైట్ అనే ఖనిజాన్ని పొడిచేసే కార్మికుల ఎముకల్లో ఇలాంటి మార్పునే అక్కడి వైద్యులు గమనించారు. అక్కడ జబ్బు ఫ్యాక్టరీ గోడల మధ్య ఉంది. కార్మికుడు పని మానితే ఆ ధూళి నుంచి తప్పించుకోవచ్చు. మన రైతుకు ఆ దారి లేదు. దాహం వేయని రోజు ఉండదు కదా!

నల్లగొండ పిల్లల కాళ్లు

కథ అక్కడితో ఆగలేదు. 1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లా రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. మరో పద్దెనిమిదేళ్లకు అదే జిల్లాలో కొత్త రూపం బయటపడింది. ఈసారి ముసలివాళ్లు కాదు, ఎదిగే వయసు పిల్లలు. నిలబడితే రెండు మోకాళ్లూ ఒకదానికొకటి తగులుతున్నాయి, పాదాలు దూరంగా జరిగిపోతున్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి వాళ్లను పరీక్షించి 1973లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఆ పిల్లల వెన్నెముక గట్టిపడుతుంటే కాళ్ల ఎముకలు గుల్లబారుతున్నాయి. ఒకే శరీరంలో రెండు వ్యతిరేక మార్పులు!

నీళ్లు పాతవే, మరి ఈ కొత్త జబ్బు ఎక్కడిది? వాళ్లు కంచం వైపు చూశారు. ఆ కుటుంబాలకు జొన్నే ఆధారం. నాగార్జునసాగర్ వచ్చాక భూగర్భజలాల తీరు మారి, పంటలోకి మాలిబ్డినం ఎక్కువగా చేరి, ఒంట్లో రాగి లోటు పడుతోందేమోనని అనుమానించారు. 1977లో అదే సంస్థకు చెందిన లక్ష్మయ్య, శ్రీకంఠయ్య జొన్నన్నం తిన్నవాళ్ల ఒంట్లో, వరి అన్నం తిన్నవాళ్ల కంటే, ఫ్లోరైడ్ ఎక్కువగా నిలిచిపోతుందని చూపించారు. జొన్న చెడ్డదని దీని అర్థం కాదు. పాలూ పెరుగూ కొనలేని ఇంట్లో, సున్నం అందని ఒంట్లో ఫ్లోరైడ్ చేసే నష్టం ఇంకా ఎక్కువవుతుంది. ఒకే బావి నీళ్లు తాగినా పేదవాడి పిల్లవాడి కాళ్లే ముందు వంకరపోతాయి.

ఒకే నొప్పి, రెండు జబ్బులు

అదే 1973లో లాన్సెట్ ఇంకో సంగతీ మోసుకొచ్చింది. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వెన్నుజబ్బు ఉన్నవాళ్లలో అత్యధికులకు హెచ్ఎల్ఏ-బి27 అనే జన్యు గుర్తు ఉంటుందని లండన్ వైద్యులు కనిపెట్టారు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే ఆటోఇమ్యూన్ కోవలో చెప్పుకునే జబ్బు ఇది. ఇందులోనూ నడుము పట్టేస్తుంది, వెన్ను వంగదు, మెడ తిరగదు.

ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతంలో వైద్యుడికి ఇదే అసలు పరీక్ష. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ సాధారణంగా పడుచు వయసులో మొదలవుతుంది. పొద్దున లేవగానే బిగుసుకుపోయిన నడుము, పనిలో పడ్డాక కాస్త సడలుతుంది. తుంటి వెనక కీళ్లు మొదట దెబ్బతింటాయి. ఫ్లోరోసిస్‌లో ఎముక మొత్తం చిక్కబడుతుంది. ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఉండే పలుచని పొర కూడా సున్నం పట్టి ఎక్స్‌రేలో అంచు వెంబడి గరుకుగా కనిపిస్తుంది. మూత్రంలో ఫ్లోరైడ్ కొలిస్తే ఇంకా తేటపడుతుంది.

ఈ తేడా పట్టుకోకపోతే రెండు వైపులా అన్యాయమే. నీళ్ల జబ్బును కీళ్లవాతం అనుకుని ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగితే ఎముక గుల్లబారుతుంది, జబ్బు మాత్రం బోరు నీళ్లతో పాటు రోజూ లోపలికి పోతూనే ఉంటుంది. నిజంగా ఆటోఇమ్యూన్ జబ్బున్న కుర్రవాణ్ని ‘మీ ఊరి నీళ్లే అంత’ అని పంపేస్తే, మందులతో అదుపు చేయగల జబ్బు అతని వెన్నును బలితీసుకుంటుంది.

పెన్న పక్కన, బోరు మీద

ఇక కడప జిల్లాకు వద్దాం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పెన్న ఒడ్డు ఊళ్లు. జమ్మలమడుగులో లండన్ మిషన్ వారు పెట్టిన క్యాంబెల్ ఆసుపత్రి తరతరాలుగా చుట్టుపక్కల పల్లెలకు దిక్కు. ప్రొద్దుటూరు వ్యాపార కేంద్రం, ఎక్స్‌రే కావాలన్నా ఎముకల డాక్టరు కావాలన్నా జనం అక్కడికే పోతారు. పులివెందుల మెట్ట సీమ. చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ నుంచి తాగునీరు వస్తున్నా, కొళాయి అందని చోట బోరే ప్రాణాధారం. పులివెందుల, వేంపల్లె ప్రాంతాల భూగర్భజలాలను పరిశీలించిన యోగి వేమన విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు కొన్ని నమూనాల్లో ఫ్లోరైడ్ పరిమితిని దాటిందని తేల్చారు. బీఐఎస్ ప్రమాణం ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాములోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా చెల్లుతుంది. బోరు లోతుకు పోయేకొద్దీ నీరు రాతిలో ఎక్కువకాలం నానుతుంది. సున్నం తక్కువగా, చౌడు గుణం ఎక్కువగా ఉన్న నీరు రాతిలోని ఫ్లోరైడ్‌ను సులువుగా కరిగించుకుంటుంది.

కింది దృశ్యం ఏ ఒక్క కుటుంబానిదీ కాదు. ఇలాంటి పల్లెల్లో ఎదురయ్యే పరిస్థితులను కలిపి అల్లినది.

ఆసుపత్రి గదిలోకి ముగ్గురు వచ్చారు. అరవై దాటిన అవ్వ, కోడలు, కోడలి ఒళ్లో నాలుగు నెలల పసివాడు. అవ్వ భుజం మీది తువ్వాలు జారి కింద పడింది. తీసుకోవడానికి ఆమె వంగలేదు. గోడ పట్టుకుని, మోకాళ్లు మడిచి, వీపు నిటారుగానే ఉంచి కిందికి దిగింది. డాక్టరు అది గమనించాడు.

“ఎన్నాళ్లయింది అవ్వా ఇట్లా?”

“శానా ఏండ్లయింది నాయనా. మొదట నడుము పట్టుకున్నె. ఇప్పుడు మెడ గూడ తిరగదు. ప్రొద్దుటూరుకు పోయి పోటో గూడ తీపిచ్చినాం.”

డాక్టరు ముంజేతి ఫిల్మును కిటికీ వెలుగుకెత్తి పట్టుకున్నాడు. రెండు ఎముకల నడుమ, ఏమీ ఉండకూడని చోట, తెల్లటి గరుకు అంచు.

“ఏ నీళ్లు తాగుతున్నారవ్వా?”

“బోరు నీళ్లే నాయనా. మా సేన్లో బోరు. ఊట బాయి ఎండిపాయె, అప్పట్నుంచి అదే. బాగుంటాయి నీళ్లు.”

డాక్టరు కోడలి వైపు తిరిగాడు. “పిల్లోడికి ఏం పడుతున్నావమ్మా?”

“పాలు సాలవని మా అత్త డబ్బాపాలు పట్టమనింది సార్. ఎండలకు గొంతెండుతాదని నీళ్లు గూడ పడతాండా.”

“పొడి ఏ నీళ్లలో కలుపుతావు?”

“బోరు నీళ్లే సార్. బాగా మరగబెట్టే కలుపుతా.”

ఆ తల్లి ప్రేమలో లోపం లేదు. శుభ్రత నేర్చుకుంది, నీళ్లు కాచింది. కాచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ మాత్రం చావదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది.

తల్లి కట్టిన ఆనకట్ట

తల్లిపాల విషయంలో ప్రకృతి చేసిన ఏర్పాటు చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. 1981లో స్వీడన్ పరిశోధకుడు యాన్ ఎక్‌స్ట్రాండ్, ఆయన సహచరులు బాలింతలకు ఫ్లోరైడ్ ఇచ్చి, రక్తంలోనూ పాలలోనూ కొలిచారు. తల్లి రక్తంలో ఫ్లోరైడ్ పెరిగింది. పాలలో పెరిగిన జాడ లేదు. తల్లిపాలలో అది సాధారణంగా లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటదు. ఫ్లోరైడ్ బాగా ఎక్కువున్న ప్రాంతాల్లో కొంచెం పెరిగినా తాగునీటితో పోలిస్తే నామమాత్రమే. లీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్న నీటిలో పొడి కలిపితే ఆ బిడ్డకు అందేది తల్లిపాలలో ఉన్నదానికి సుమారు వంద రెట్లు. బోరు నీటిలో ఇంకా ఎక్కువ ఉంటే లెక్క ఇంకా పెరుగుతుంది.

గర్భంలో ఉన్నప్పుడు మాయ గుండా ఫ్లోరైడ్ బిడ్డకు చేరగలదు. పుట్టాక మాత్రం తల్లి రొమ్ము దానికి అడ్డు నిలుస్తుంది. తల్లి తాగిన నీళ్లు చెడ్డవైనా బిడ్డ తాగే పాలు మంచివే. తల్లిపాలలో నూటికి ఎనభైఏడు పాళ్లు నీరే ఉంటుంది కాబట్టి, కడప ఎండల్లోనైనా ఆరు నెలల లోపు బిడ్డకు వేరే నీళ్లు పట్టాల్సిన పని లేదు. పాలు చాలవన్న భయానికి మందు డబ్బా కాదు. బిడ్డను మళ్లీ మళ్లీ రొమ్ముకు పెట్టడమే, చప్పరించేకొద్దీ పాలు ఊరుతాయి. ఏ కారణం వల్లనైనా పోతపాలు తప్పని బిడ్డకు పరీక్షించిన మంచి నీళ్లతోనే కలపాలి.

శాశ్వత దంతాల ఎనామిల్ తయారయ్యేది పుట్టిన దగ్గర నుంచి ఎనిమిదేళ్ల లోపే. ఆ వయసులో పడిన గార మచ్చ ఎంత తోమినా పోదు. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి వదలదు. బిగుసుకున్న వెన్నును తిరిగి వంచే మందు ఈనాటికీ లేదు. కాబట్టి ఈ జబ్బుకు చికిత్స ఆసుపత్రిలో మొదలుకాదు, బిందె దగ్గర మొదలవుతుంది.

ఫ్లోరోసిస్ నివారణకు కేంద్రం జాతీయ కార్యక్రమాన్ని 2008-09లో ప్రారంభించినప్పుడు తొలి విడతలో ఎంచుకున్న ఐదు జిల్లాల్లో నెల్లూరు ఒకటి. జబ్బు పేరు తెలిసిన ఏడు దశాబ్దాల తర్వాత అన్నమాట. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతిని 1970లలోనే రూపొందించింది, దానికి పేరే నల్లగొండ పద్ధతి. మనకు తెలియక కాదు, తెలిసింది గడప దాటి లోపలికి రాకపోవడం వల్లే ఇంకా వెన్నులు వంగడం లేదు.

అందుకే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పాఠకులకు ఒక విన్నపం. గడ్డం ఛాతీకి ఆనించి చూడండి. మోకాళ్లు మడవకుండా వంగి కాలివేళ్లు అందుకోండి. రెండు చేతులూ తల వెనక కలపండి. వీటిలో ఏది చేతకాకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లండి, మీరు తాగే నీళ్లు ఎక్కడివో ఆయన అడగకపోయినా మీరే చెప్పండి. మీ బోరు నీళ్లను గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపి ఫ్లోరైడ్ కొలిపించండి. ఎదిగే పిల్లల కంచంలో పాలు, పెరుగు, రాగులు ఉండేలా చూడండి. ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఆరు నెలలూ తల్లిపాలు తప్ప చుక్క నీరు కూడా పట్టకండి. వైద్యులకూ ఒక మాట. నొప్పి ఎక్కడని అడిగే ముందు, నీళ్లు ఎక్కడివని అడగండి.