కరవునకు లొంగని డోడో

హిందూ మహాసముద్రములో మడగాస్కరునకు తూర్పున మారిషస్ దీవి కలదు. అగ్నిపర్వతములవలన ఏర్పడిన ఆ దీవిలో పూర్వము గబ్బిలములు తప్ప వేరు క్షీరదములు లేకుండెను. వేటాడు మృగములు లేనందున డోడో అను పక్షి తరతరములుగా ఎగురు శక్తిని కోల్పోయి, నేలమీదనే గుడ్లు పెట్టుచుండెను.

1865లో అచటి మేర్ ఓ సోంజ్ అను చిత్తడినేలలో డోడో ఎముకలు దొరికినవి. 2005 తరువాతి త్రవ్వకములలో పెద్ద తాబేళ్ల ఎముకలు, డోడో ఎముకలు కుప్పలుగా బయల్పడినవి. సుమారు 4,200 ఏండ్ల క్రిందట గొప్ప కరవు వచ్చెననియు, మడుగు చేరిన జంతువులు ఉప్పెక్కి విషమైన నీటివలన చచ్చెననియు శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. అయినను డోడో జాతి నశింపలేదు.

1598లో డచ్చి నావికులు దిగిరి. 1638లో వలస నెలకొల్పిరి. మన తుమికికి చుట్టమైన నల్లచేవ మ్రాకులను నరికిరి. ఓడలలో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు గుడ్లను తినివేసినవి. సుమారు నూరేండ్లలో డోడో అంతరించెను. పిమ్మట చెరకుతోటలు అడవిని ఆక్రమించినవి. 1834 తరువాత ఆ తోటలలో శ్రమించిన కూలీలలో మన తెలుగువారును కలరు. చెడకుండ మిగిలిన తొలి అడవి నేడు నూటికి రెండు పాళ్లకు మించదు.

విద్యార్థులు గమనింపదగిన భేదమిది: కరవు కొంతకాలమునకు తొలగును, దీవిలో కాలూనిన ఎలుక తనంత తాను తొలగదు. అందుచేతనే ఈల్ ఓ ఎగ్రెట్ అను సమీపపు చిన్న దీవిలో ఎలుకలను తొలగించి, 2000లో అల్దాబ్రా తాబేళ్లను తెచ్చి విడిచిరి. అవి నల్లచేవ పండ్లు తిని, విత్తనములు వెదజల్లగా మొలకలు లేచుచున్నవి. మానవుడు తాను చెరచినదానిని కొంత చక్కబెట్టగలడు; డోడోను మాత్రము తిరిగి తేజాలడు.