ఆజ్ఞ నుంచి స్థితికి: పల్స్ వెడల్పు నియంత్రణ డ్రైవరు కోడు పరిణామం – ఆదోని, ఎమ్మిగనూరు నేపథ్యం

1953లో బళ్లారి జిల్లా నుంచి ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చిన ఆదోని తాలూకా ఆర్థిక చరిత్రను పత్తిని పక్కనపెట్టి రాయడం సాధ్యం కాదు. సమీపంలోని ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నేత సహకార సంఘాన్ని నెలకొల్పారు. గుంట మగ్గం మీద వేగాన్ని నేతగాని చేయి, పాదం నిర్ణయిస్తాయి. నూలు మిల్లులో కదురు వేగాన్ని మోటారు నిర్ణయిస్తుంది. వేగం ఒక్క ఉదుటున మారితే పోగు తెగుతుంది. ఒక స్థితి నుంచి మరో స్థితికి మారే ఆ మధ్య క్షణమే ఈ వ్యాసానికి కేంద్రం.

మోటారు వేగాన్ని మార్చే పద్ధతుల్లో పల్స్ వెడల్పు మాడ్యులేషన్, సంక్షిప్తంగా పీడబ్ల్యూఎం, ప్రధానమైనది. స్విచ్చును అతివేగంగా వేస్తూ తీస్తూ, ఒక్కో ఆవర్తనంలో అది వేసి ఉండే కాలాన్ని మార్చడమే దీని కిటుకు. 10,00,000 నానోసెకన్ల ఆవర్తనంలో 2,50,000 నానోసెకన్లు వేసి ఉంచితే సగటున నాలుగో వంతు విద్యుత్తు అందుతుంది. ఏసీ మోటార్ల వేగ నియంత్రణకు ఈ పద్ధతిని 1964లో షోనుంగ్, స్టెమ్లర్ బ్రౌన్ బొవేరి సంస్థ పత్రికలో ప్రతిపాదించారు.

అయితే మిల్లు మోటారు డ్రైవులోనూ, బీఎల్‌డీసీ ఫ్యానులోనూ ఈ పనిని సాధారణంగా మైక్రోకంట్రోలరే చేసుకుంటుంది. అక్కడ లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టం ఉండనవసరం లేదు. స్థానిక సాంకేతిక చరిత్రలు ఈ తేడాను విస్మరించరాదు. ఆపరేటింగ్ సిస్టం పాత్ర స్పష్టమయ్యేది ఆదోని మార్కెట్ యార్డులో పత్తి ధర చూసుకొనే రైతు చేతి ఫోను వంటి పరికరాల్లో. ఎల్‌సీడీ తెర వెనుక దీపపు వెలుగును, కొన్ని బోర్డుల్లో ప్రాసెసరుకు అందే వోల్టేజీని కూడా, కెర్నెల్ డ్రైవరు ఈ పద్ధతిలోనే అదుపు చేస్తుంది.

లినక్స్‌లో తొలి ఏర్పాటు ఆజ్ఞల వరుస. కోరిక తెలపడం, విలువలు అమర్చడం, ప్రారంభించడం, ఆపడం: ఇవి వేర్వేరు ప్రమేయాలు. ఆర్మ్ చిప్ కుటుంబాలు ఇవే పేర్లతో సొంత అమలులు రాసుకున్నందువల్ల రెండింటిని ఒకే కెర్నెల్‌లో ఇమడ్చడం కుదరలేదు. 2012లో, 3.6 సంచికతో వచ్చిన ఉమ్మడి చట్రం ఈ చిక్కును తీర్చింది. సాషా హావర్ తొలి ప్రయత్నాలను టియెరీ రెడింగ్ విస్తరించి నిర్వహణ చేపట్టారు.

అసలు సమస్య మాత్రం మిగిలింది. ప్రాసెసరు వోల్టేజీని పీడబ్ల్యూఎం నిర్ణయించే బోర్డునే తీసుకుంటే, బూట్‌లోడరు అప్పటికే ఒక విలువ అమర్చి ఉంటుంది. ఆ విలువను చదివే మార్గం పాత ఏర్పాటులో డ్రైవరుకు లేదు. తనకు తెలిసిన విలువతో మళ్లీ మొదలుపెడితే వోల్టేజీ క్షణకాలం పడిపోయి, కోడును నడిపిస్తున్న ప్రాసెసరే ఆగిపోవచ్చు. తాను కూర్చున్న కొమ్మను తానే నరుక్కోవడం ఇదే.

బోరిస్ బ్రెజియాన్ ప్రతిపాదించగా 2016లో 4.7 సంచికలో చేరిన మార్పు ఈ దృక్పథాన్నే తిరగేసింది. ఆవర్తనం, వెడల్పు, ధ్రువత, నడుస్తున్నదా లేదా అన్న నాలుగూ కలిసి ఒకే ‘స్థితి’ అయ్యాయి. డ్రైవరు రచయిత చేరవలసిన స్థితిని ప్రకటిస్తాడు. మధ్య క్షణాన్ని సంబాళించే బాధ్యత హార్డ్‌వేరుకు దగ్గరగా ఉన్న కోడుది. ప్రస్తుత స్థితిని చదివే వీలూ అప్పుడే ఏర్పడింది. ఎన్ని చిప్పులకు మద్దతు పెరిగిందన్న లెక్క కన్నా ఈ బాధ్యత చేతులు మారడమే చరిత్రకారుడు గమనించవలసిన మలుపు. హార్డ్‌వేరు సహకరించని చోట మాత్రం మధ్య క్షణపు తొట్రుపాటు ఇప్పటికీ పోలేదు.

తరువాతి మార్పులు చిన్నవి. 32 బిట్ల సంఖ్యలో ఆవర్తనం సుమారు 4.29 సెకన్లు దాటలేకపోవడంతో 2020లో దానిని 64 బిట్లకు పెంచారు. 2024లో 6.8 సంచిక, అమలు మధ్యలో నిద్రపోగల పిలుపును, నిద్రపోని పిలుపును పేర్లలోనే వేరుచేసింది. ఐ2సీ తీగపై ఉన్న చిప్పు జవాబు కోసం డ్రైవరు ఆగవచ్చు. పరారుణ రిమోటు సంకేతం పంపే డ్రైవరుకు ఆ వెసులుబాటు లేదు.