ఒంటరి నక్షత్రం ఆరిపోలేదు



పల్లెల్లో చిన్న సంఘాలు నడిపే సేవకుల మధ్య తరచుగా వినబడే మాట ఒకటుంది. "ఇన్నేళ్ళు కష్టపడ్డాం, ఏం కనబడుతుంది?" ఈ మాటకు మన నెల్లూరు చరిత్రలోనే జవాబుంది.

శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్తిస్టు మిషనరీ 1840లో నెల్లూరు వచ్చారు. భాష నేర్చుకున్నారు, వాక్యం చెప్పారు, ఊళ్ళు తిరిగారు. ఫలం మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేంతే. ఆరోగ్యం చెడి 1846లో తమ దేశం వెళ్ళిపోయారు. ఆ తరువాత 1848లో అక్కడి పెద్దలు ఈ పని మూసేద్దామా అని ఆలోచించారు. డే ఒప్పుకోలేదు. లైమన్ జూయెట్ దొరగారిని వెంటబెట్టుకొని 1849లో మళ్ళీ వచ్చారు. నాలుగేళ్ళకే శరీరం మళ్ళీ కూలిపోయింది. 1853లో ఆయన వెళ్ళిపోయారు. ఇక తిరిగి రాలేదు.

అదే సంవత్సరం ఆల్బనీ పట్టణంలో జరిగిన సభలో మూసివేత మాట మళ్ళీ లేచింది. మిషన్ పటంలో తెలుగు దేశానికి నెల్లూరు దగ్గర ఒక్కటే నక్షత్రం గుర్తు. అందుకే దీనిని 'ఒంటరి నక్షత్రం' అన్నారు. శామ్యూల్ స్మిత్ అనే దైవజనుడు ఆ నక్షత్రం మీద ఒక పద్యం రాయగా, అది విన్న సభవారి మనసు కరిగింది. పని ఆగలేదు.

ఇక్కడ నెల్లూరులో ఉన్న జూయెట్ దంపతులు 1854 జనవరి 1న తెల్లవారుజామున, ముగ్గురు తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలు కొండ ఎక్కారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే. ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ఆ ఐదుగురూ మోకరించి అడిగారు. జవాబు రావడానికి పన్నెండేళ్ళు పట్టింది.

ఈలోగా జూయెట్ కూడా జబ్బుపడి అమెరికా చేరారు. 1862లో మూడోసారి మూసివేత మాట వచ్చింది. ఎవరు పంపినా పంపకపోయినా నేను వెళ్తాను, తెలుగువారి మధ్యే చనిపోతాను అని ఆయన పట్టుబట్టారు. చివరికి ఆయనకు తోడుగా జాన్ క్లౌ అనే యువకుణ్ణి పంపారు. 1866లో క్లౌ ఒంగోలులో కాపురం పెట్టారు. తాళ్ళకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్యవంటి మన తెలుగువారే మాదిగపల్లెలన్నీ తిరిగి సువార్త మోశారు.

1876-78లో మహా కరువు వచ్చింది. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని క్లౌ తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి ఇచ్చారు. తిండికోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో దాదాపు 15 నెలలు బాప్తిస్మాలు ఆపేశారు. తరువాత 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ప్రియులారా, ఒక్క సంగతి గమనించండి. శామ్యూల్ డే ఆ రోజు చూడలేదు. 1871లోనే ఆయన కన్నుమూశారు. రెండుసార్లు కూలిపోయిన శరీరం, చేతిలో కొద్దిపాటి ఫలం, అంతే ఆయనకు కనబడింది. మోషే కూడా వాగ్దాన దేశాన్ని కొండమీదనుండి చూశాడే గాని అడుగుపెట్టలేదు. విత్తినవాడే కోయాలని దేవుడు ఎక్కడా మాట ఇవ్వలేదు.

కాబట్టి మన సంఘానికి కూడా వేలమంది వస్తారని నేను చెప్పను. డే గారికి ఆ హామీ లేదు. అయినా మొదటిసారి పడినప్పుడు లేచి వచ్చారు. రెండవసారి లేవలేకపోతే ఆయన వదిలిన నాగలి మరొకరు పట్టుకున్నారు. పేతురు మూడుసార్లు ప్రభువును ఎరుగనన్నాడు. ప్రభువు మూడుసార్లూ ప్రేమనే అడిగి, తన గొర్రెలను అతనికే అప్పగించాడు. మన బలహీనత ఆయనకు కొత్త సంగతి కాదు.

పంట పోయిన రైతూ, వల ఖాళీగా లాగిన బెస్త సోదరుడూ, పరీక్ష తప్పిన బిడ్డా, ముగ్గురే ఉన్న కూడికలో వాక్యం చెప్పే సేవకుడూ ఈ మాట గుర్తుంచుకోవాలి: మనకు కనబడేది లెక్కలో ఒక వరుస మాత్రమే. మొత్తం కూడేవాడు దేవుడు.

ప్రార్థన: ప్రభువా, పడినచోట మమ్మల్ని విడిచిపెట్టవద్దు. ఫలం చూడకపోయినా నమ్మకంగా విత్తే బలం దయచేయుము. ఆమేన్.