విశాఖ ఆసుపత్రి నుంచి ఊరి అరుగు దాకా

పట్టిసీమ రేవులో నిలబడితే ఏటి మధ్య దేవకూటం కొండ, దాని మీద వీరభద్రస్వామి గుడి కనిపిస్తాయి. శివరాత్రికి లాంచీలు తెరపి లేకుండా జనాన్ని అటు చేరవేస్తాయి. బిడ్డల కోసం, పంటల కోసం మొక్కుకున్నవాళ్లు ఆ మాట పక్కవాళ్లతో చెప్పుకుంటారు. మనసు చెదిరిన ఇంటిమనిషి కోసం మొక్కుకున్నవాళ్లు చెప్పుకోరు. ఆ జబ్బుకు మన ఊళ్లలో సరైన పేరే లేదు. గాలి సోకిందంటారు, ఎవరో చేయించారంటారు, ముదిరితే మతి పోయిందంటారు. యాదగిరిగుట్టకు తీసుకెళ్లి మండలం రోజులు ప్రదక్షిణలు చేయించడం తెలుగునాట పాత అలవాటు. ఆ ప్రదక్షిణల్లో జబ్బు తగ్గిందా లేదా అన్నది అలా ఉంచితే, పక్కన నడిచేది అదే బాధ పడుతున్న మరో ఇంటివాళ్లు. ఆ కొద్ది రోజులైనా మనిషి ఒంటరి కాదు. మానసిక వైద్యం చరిత్రలో నేను వెతుకుతున్నది ఆ పక్కన నడిచే మనిషినే.

సర్కారు వైద్యం ఆ మనిషిని లెక్కలోకి తీసుకోలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో, 1871లో విశాఖ వాల్తేరులో పిచ్చాసుపత్రి వెలిసింది. ఉత్తర కోస్తాకు అదే దిక్కు. పట్టిసీమ గోదావరికి పడమటి ఒడ్డున ఉంది. రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన 1900లో గాని రాలేదు. అంతవరకూ రోగిని పడవలో ఏరు దాటించి, ఆపైన రెండు వందల కిలోమీటర్ల దూరం తీసుకుపోవాలి. 1912 నాటి చట్టం మేజిస్ట్రేటు ఉత్తర్వు మీద మనిషిని లోపల పెట్టే పద్ధతిని వివరంగా రాసింది. బయటికొచ్చాక అతను ఎక్కడ ఉండాలో, ఏం పని చేసుకోవాలో దానికి పట్టలేదు. నిజాం కాలంలో జాల్నాలో ఉన్న ఆసుపత్రి 1953లో హైదరాబాదు ఎర్రగడ్డకు వచ్చింది. ఆ ఊరి పేరు మన నోట తిట్టయిపోయింది. 'వీణ్ణి ఎర్రగడ్డకి పంపాలి' అని నవ్వుతూ అనే మాట, అక్కణ్ణుంచి కోలుకుని ఇంటికొచ్చినవాడి చెవిన ఎలా పడుతుందో ఎప్పుడైనా ఆలోచించామా?

కోలుకున్నవాడే మరొకరికి ఆసరా కావచ్చన్న ఆలోచన కొత్తదేమీ కాదు. పారిస్‌లోని బిసేత్ర్ ఆసుపత్రికి గండమాల వ్యాధితో వచ్చిన జాన్ బప్తీస్త్ ప్యూసాన్ అక్కడే ఉండిపోయి, మతి చెడినవారి వార్డుకు పెద్ద అయ్యాడు. నయమైన రోగులనే ఏరి పనివాళ్లుగా పెట్టుకున్నాడు. వాళ్లు కొట్టరని, బాధ ఎలాంటిదో వాళ్లకు తెలుసని ఆయన నమ్మకం. 1797లో అక్కడి రోగుల గొలుసులు తీయించింది ఆయనే; పేరు మాత్రం ఒకప్పటి ఆయన పై అధికారి, వైద్యుడు పినెల్‌కు దక్కింది. అమెరికాలో క్లిఫర్డ్ బీర్స్ ఆసుపత్రుల్లో తాను పడిన హింసను 1908లో పుస్తకంగా రాశాడు. తాగుడు నుంచి బయటపడాలనుకున్న ఇద్దరు 1935లో కలిసి మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడా ఈ దారిదే. ఇది జీతమున్న ఉద్యోగంగా నిలబడటానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1999లో జార్జియా రాష్ట్రం దీన్ని ప్రభుత్వ బీమా డబ్బు చెల్లించే సేవగా ఒప్పుకుంది.

మన దేశంలో కళ్లు తెరిపించింది ఒక ఘోరం. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో దర్గా దగ్గరి షెడ్డుకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పారిపోలేక చనిపోయారు. ఆ తర్వాత చాలా ఏళ్లకు వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 19వ సెక్షను నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. ఇంటివాళ్లు లేరనో, రానివ్వడం లేదనో, ఊళ్లో వసతి లేదనో మనిషిని ఆసుపత్రిలోనే ఉంచెయ్యకూడదని అది చెబుతుంది. సమాజంలో బతకడం అతని హక్కు. చట్టం కింద ఏర్పడే సమీక్షా బోర్డుల్లో జబ్బు అనుభవించినవారికి, సంరక్షకులకు చోటుంది. చెన్నైలో 1993లో పుట్టిన బన్యన్ సంస్థ, ఏళ్ల తరబడి ఆసుపత్రిలో ఉండిపోయిన స్త్రీలను నలుగురైదుగురు చొప్పున మామూలు వీధుల్లో అద్దె ఇళ్లలో కాపురముంచుతోంది. గుజరాత్ ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో 2014లో మొదలైన క్వాలిటీరైట్స్ పథకంలో కోలుకున్నవారే తోటి రోగులకు తోడుగా నిలిచారు.

ఇక మన గోదావరి సంగతి. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 'స్మార్ట్ మెంటల్ హెల్త్' అనే పని చేపట్టారు. ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లిచ్చి, ఇంటింటికీ వెళ్లి దిగులు, ఆందోళన, చనిపోవాలన్న తలంపు గురించి అడగడం నేర్పారు. అవసరమనిపించినవాళ్లను పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపారు. 30 గిరిజన గ్రామాల్లో, వైద్యం అవసరమైనవారిలో అది అందుకున్నవారు నూటికి ఒక్కరు కూడా లేని చోట ఆ పని తర్వాత 12.6 శాతానికి చేరారు. అంకె చిన్నదే. కాని అడిగే మనిషి గుమ్మంలోకి వస్తే చెప్పుకునేవాళ్లున్నారని అది తేల్చింది. తర్వాత ఇక్కడా హర్యానాలోనూ కలిపి 44 పీహెచ్‌సీల పరిధిలో పెద్ద ఎత్తున పరీక్షించారు.

ఆ పనిలో నన్ను కట్టిపడేసినది ట్యాబ్ కాదు. జనంలో ఉన్న వెలి పోగొట్టడానికి ఊళ్లలో నాటకం వేశారు, సినిమా నటుడి మాట వినిపించారు, జబ్బు పడ్డ మనిషి స్వయంగా తన అనుభవం చెప్పిన వీడియో చూపించారు. డాక్టరు చెబితే తలూపుతాం. మనలాంటి మనిషి చెబితే పక్కకు జరిగి కూర్చోమంటాం.

అయితే ఆ పని సాధారణ మానసిక సమస్యలకే పరిమితం. స్కిజోఫ్రెనియా లాంటి జబ్బుతో పదేళ్లుగా మాత్రలు మింగుతున్న మనిషి సొంతంగా బతకాలంటే కావలసినవి వేరు. నెలనెలా మందులు తెచ్చుకోవడం, సదరం సర్టిఫికెట్ కోసం వరుసలో నిలబడటం, బ్యాంకు పాసుపుస్తకం తన దగ్గరే ఉంచుకోవడం, పెళ్లింట్లో తనను చూసి గుసగుసలాడినా భోజనం ముగించి లేవడం. ఇవన్నీ చేసి చూసిన మనిషి నేర్పగలిగినట్టు ఇంకెవరూ నేర్పలేరు. 1996లో నాలుగు జిల్లాలతో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో అప్పటి మన మెదక్ ఒకటి. దాని ఉద్యోగుల జాబితాలో సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, సోషల్ వర్కరు, నర్సు ఉన్నారు. జబ్బు దాటొచ్చిన మనిషికి అందులో పోస్టు లేదు.

నాకు అడగాలనున్నది ఒక్కటే. ఆనాడు తెర మీద మాట్లాడినటువంటి మనిషి తెర దిగి రావాలి. పోలవరం, బుట్టాయగూడెం మండలాల పీహెచ్‌సీల్లో డాక్టరు బల్ల పక్కన ఆ మనిషికో కుర్చీ వేయాలి, ఆ కుర్చీకి జీతం ఉండాలి. సాయంత్రం ఊళ్లోకెళ్లి, వారం రోజులుగా గడప దాటని మనిషి ఇంటి అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పడం కూడా ఆ జీతంలో పనిగానే రాసి ఉండాలి.