పదవ బిడ్డ లెక్క: అమెరికా కమ్యూనిటీ కళాశాలల చట్టాలు, నిధులు, మన తెలుగు తరగతులు



ప్రతి సంవత్సరం జూన్ నెలలో బడి తెరవగానే మనం చేసే మొదటి పని పిల్లలను లెక్కించడం. తెలుగు రాష్ట్రాలలోని ఉపాధ్యాయులకు ఆ లెక్క హాజరుపట్టీ నింపడానికే. తమిళనాడు, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్రలలో తరతరాలుగా స్థిరపడిన మనకు ఆ లెక్క మీదనే తెలుగు తరగతి ఉండడం, లేకపోవడం ఆధారపడి ఉంటుంది. నేను పనిచేసిన ఒక పాఠశాలలో ఒక ఏడు మూడవ తరగతికి తెలుగు పిల్లలు తొమ్మిది మందే మిగిలారు. పదవ బిడ్డను తండ్రి వేసవి సెలవులలోనే ఆంగ్ల మాధ్యమ బడికి మార్చారు. ఆ ఏడు తెలుగు తరగతి తెరవలేదు. ఆ తొమ్మిది మంది వేరొక మాధ్యమం గదిలో చివరి వరుసలో కూర్చున్నారు. ఆ తండ్రి మీద నాకు కోపం లేదు; తన బిడ్డ ఒక్కడు వెళ్లిపోతే ఏమవుతుందో ఆయనకు చెప్పేవారు లేకపోయారు. చెప్పవలసినవారిలో నేనూ ఒకడిని.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, ఇటీవల నా పూర్వ విద్యార్థి తల్లి ఒకామె నన్ను ఇలా అడిగారు: “అయ్యవారూ, అమెరికాలో మా మనవరాలు కమ్యూనిటీ కాలేజీలో చేరిందంట. అది తక్కువరకం చదువా?” సమాధానం చెప్పడానికి ఆ కళాశాలల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ మన జూన్ నెల లెక్కే అక్కడ కూడా కనిపించింది. ఆ కథను మీతో పంచుకొంటున్నాను.

కమ్యూనిటీ కళాశాల అనగా నేమి?

ఇంటికి దగ్గరలో, తక్కువ రుసుముతో, ఉన్నత పాఠశాల ముగించిన వారందరికీ తలుపులు తెరచి ఉంచే రెండేళ్ల కళాశాల ఇది. అక్కడ రెండేళ్లు చదివి విశ్వవిద్యాలయానికి వెళ్లి పట్టా పూర్తి చేయవచ్చు. లేదా నర్సింగు, యంత్రాల మరమ్మతు వంటి వృత్తి నేర్చి ఉద్యోగంలో చేరవచ్చు. కాబట్టి ఆ తల్లిగారికి నా సమాధానం, “తక్కువ ఖర్చు చదువు తల్లీ, తక్కువరకం చదువు కాదు” అని. మన యానాం మిత్రులకు ఈ పేరు కొత్త కాకపోవచ్చు. పాండిచ్చేరి విశ్వవిద్యాలయం 1995లోనే ఒక కమ్యూనిటీ కళాశాలను ప్రారంభించింది.

వీటిలో నేటికీ నడుస్తున్న అతి పాత ప్రభుత్వ కళాశాల ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో ఉన్నది. 1901లో ఆరుగురు విద్యార్థులతో మొదలైంది. ఆరుగురంటే మన లెక్కలో తరగతి తెరవడానికి కూడా చాలని సంఖ్య అని గమనించండి.

అమెరికా రాజ్యాంగంలో విద్య అనే మాటే లేదు. విద్య రాష్ట్రాల బాధ్యత. అందుచేత ఈ కళాశాలలకు రాష్ట్ర నిధులు, స్థానికంగా వసూలయ్యే ఆస్తిపన్ను, విద్యార్థుల రుసుములు ప్రధాన ఆధారాలు. సమాఖ్య ప్రభుత్వం, అంటే మన వాడుకలో కేంద్ర ప్రభుత్వం, చాలాకాలం దూరంగానే ఉండిపోయింది. 1862లో లింకన్ సంతకం చేసిన మోరిల్ చట్టం ఒక్కొక్క కాంగ్రెసు సభ్యునికి 30,000 ఎకరాల చొప్పున రాష్ట్రాలకు భూమి ఇచ్చి వ్యవసాయ, యంత్రవిద్యా కళాశాలలను పెంచింది. ఆ భూములు ఆదివాసి జాతుల నుండి తీసుకొన్నవి. ఈ మాటను గుర్తుంచుకోండి, మరల వస్తుంది. 1917 నాటి స్మిత్-హ్యూస్ చట్టం వృత్తివిద్యకు ధనమిచ్చినా, అది కళాశాల స్థాయికి దిగువన ఉన్న చదువులకే పరిమితమైంది.

సైనికులు, అధ్యక్షుడైన ఒక బడిపంతులు

రెండవ ప్రపంచ యుద్ధం ముగింపుకు వస్తుండగా 1944 జూన్ 22న జి.ఐ. బిల్లు అనే చట్టం వచ్చింది. తిరిగివచ్చిన సైనికునికి ఏడాదికి 500 డాలర్ల వరకు చదువు రుసుము, దానికి తోడు నెలనెలా జీవనభృతి ఇచ్చారు. సుమారు 22 లక్షల మంది ఆ సహాయంతో కళాశాలలలో చదివారు. చదువు పెద్ద ఇళ్ల పిల్లలకే అన్న నమ్మకం దానితో సడలింది. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం తన నివేదికలో కమ్యూనిటీ కళాశాల అన్న పేరును ప్రచారంలోకి తెచ్చి, ఉన్నత పాఠశాల తరువాత రెండేళ్ల చదువు ఉచితంగా ఉండాలని సూచించింది. నివేదికకు గౌరవం దక్కింది గాని, ఉచిత విద్యకు నిధులు మాత్రం రాలేదు.

నిధులు 1963లో వచ్చాయి, అదీ భవనాలకు. ఆ ఏడాది ఉన్నత విద్యా భవనాల చట్టం, పట్టభద్ర స్థాయి భవనాలకు ఉద్దేశించిన ధనంలో 22 శాతాన్ని ప్రభుత్వ కమ్యూనిటీ కళాశాలలకు, సాంకేతిక సంస్థలకు ప్రత్యేకించింది. 1960వ దశకంలో ఇంచుమించు వారానికొకటిగా కొత్త కళాశాలలు వెలిశాయి.

1965 నవంబరు 8న ఉన్నత విద్యా చట్టం మీద అధ్యక్షుడు లిండన్ జాన్సన్ తాను చదువుకొన్న టెక్సాస్ కళాశాలలోనే సంతకం చేశారు. ఆయన యౌవనంలో బడిపంతులు. 1928లో కొటుల్లా అనే చిన్న ఊరిలో మెక్సికన్ కుటుంబాల పిల్లలకు పాఠాలు చెప్పారు. ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలు వారు. పేదరికం వలన వారికి కళాశాల తలుపులు మూసుకుపోయాయన్న బాధను సంతకం నాటి ప్రసంగంలోనూ ఆయన తలచుకొన్నారు. అయితే ఆనాడు తన తరగతిలో ఆయన కూడా ఇంగ్లీషే మాట్లాడాలని పట్టుబట్టినవారే. మంచి ఉపాధ్యాయునికి కూడా పిల్లల పేదరికం కనిపించినంత సులభంగా వారి భాష కనిపించదని నాకు ఇక్కడ అనిపించింది.

ధనం ఎవరి చేతికి?

1972లో పెద్ద వాదం జరిగింది. కళాశాలలకు విద్యార్థుల సంఖ్యను బట్టి నేరుగా ధనమివ్వాలని ప్రతినిధుల సభలో ఎడిత్ గ్రీన్ వాదించారు. పేద విద్యార్థికే హక్కుగా ఇవ్వాలి, అతడు ఎక్కడ చేరితే ధనం అక్కడికి వెళ్లాలి అన్నది సెనేటర్ క్లేబోర్న్ పెల్ పక్షం. పెల్ పక్షమే నెగ్గింది. 1980లో ఆ ఉపకార వేతనానికి ఆయన పేరే పెట్టారు.

చట్టంలో వ్రాసిన గరిష్ఠ మొత్తం 1,400 డాలర్లు. మొదటి ఏడాది, అనగా 1973-74లో, విద్యార్థికి అందిన గరిష్ఠ మొత్తం 452 డాలర్లు. ఇంత తేడా ఎందుకంటే, అమెరికాలో చట్టం ఒక అంకెను అనుమతిస్తుంది. ధనాన్ని మాత్రం ఏటేటా వేరే బడ్జెటు చట్టం కేటాయించాలి. మొదటిది అనుమతి, రెండవది చెల్లింపు. ఈ రెంటి నడుమ ఉన్న ఎడాన్ని గ్రహిస్తే ఈ చరిత్ర సగం అర్థమైనట్లే. 2023-24 నుండి పెల్ గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు. కమ్యూనిటీ కళాశాలల పేద విద్యార్థులకు నేటికీ పెద్ద ఆసరా అదే.

తమ భాష కోసం కళాశాల కట్టుకొన్నవారు

ఇక మనకు దగ్గరి కథ. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో ప్రభుత్వం ఆదివాసి పిల్లల కోసం వసతి పాఠశాల తెరిచింది. ఆ నమూనాలో అనేక బడులు వచ్చాయి. పిల్లలను ఇళ్లకు దూరం చేశారు, జుట్టు కత్తిరించారు, తల్లిభాషలో మాట్లాడితే శిక్షించారు. ఆ బడులలో పెరిగిన తరం తమ బిడ్డలకు భాష నేర్పడానికే భయపడింది.

అటువంటి చరిత్ర నుండి 1968లో నవాహో జాతి తన సొంత కమ్యూనిటీ కళాశాలను స్థాపించింది. ఒక ఆదివాసి జాతి నిర్వహణలో నడిచిన మొదటి కళాశాల అదే. నేడు దాని పేరు డినే కళాశాల. డినే అంటే వారి భాషలో ప్రజలు. నవాహో భాష, చరిత్ర అక్కడ పాఠ్యాంశాలు. 1971లో లకోటా ప్రజలు కూడా తమ కళాశాలలు స్థాపించుకొన్నారు.

అయితే నడిపేదెలా? ఆదివాసి భూములపై స్థానిక ఆస్తిపన్ను లేదు. రాష్ట్రాలకు ఆ బాధ్యత లేదు. ఇతర కమ్యూనిటీ కళాశాలలకున్న రెండు ప్రధాన ఆధారాలూ వీటికి లేవు. కాబట్టి వారు వాషింగ్టన్ తలుపు తట్టారు. 1971లో నవాహో కళాశాలకు ప్రత్యేక చట్టం వచ్చింది. 1973లో ఆరు కళాశాలలు కలసి ఒక సంఘంగా ఏర్పడ్డాయి. 1978 అక్టోబరు 17న అధ్యక్షుడు కార్టర్ ఆదివాసి కమ్యూనిటీ కళాశాలల సహాయ చట్టంపై సంతకం చేశారు.

ఆ చట్టంలో కూడా ఒక లెక్క ఉన్నది. నమోదిత ఆదివాసి విద్యార్థి ఒక్కొక్కరికి ఇంత అని ధనం లెక్కిస్తారు. మొదట్లో 4,000 డాలర్లు అనుమతించారు. 2008లో దానిని 8,000కు పెంచి, ధరల పెరుగుదలతో ముడిపెట్టారు. కాని ఏళ్ల తరబడి కేటాయింపు ఆ అంకెకు చాలా దిగువనే ఉండిపోయింది. పైగా ఆదివాసులు కాని విద్యార్థులు అదే గదిలో చదివినా ఆ లెక్కలోకి రారు. వారి ఖర్చును కళాశాలే భరించాలి. 1994లో ఈ కళాశాలలకు భూదాన విద్యాసంస్థల హోదా దక్కింది. 1862లో రాష్ట్రాలకు భూమి ఇచ్చారు. ఆ భూమి ఎవరిదో వారి కళాశాలలకు 132 ఏళ్ల తరువాత భూమికి బదులు ఒక మూలనిధి ఏర్పాటు చేశారు.

భాష విషయంలోనూ ఇదే క్రమం. ఆదివాసి భాషలను వాడుకొనే హక్కును గుర్తిస్తూ 1990లో చట్టం వచ్చింది. నిధులకు దారి చూపే చట్టానికి 1992 దాకా ఆగవలసివచ్చింది. 2006లో వచ్చిన మరొక చట్టానికి ఒక భాషోపాధ్యాయురాలి పేరు పెట్టారు. ఆమె ఎస్తర్ మార్టినెజ్. న్యూ మెక్సికోలో తేవా భాషను బోధించి, కథలు చెప్పి, నిఘంటువు కూర్చిన పెద్దావిడ. 94వ ఏట వాషింగ్టన్‌లో జాతీయ గౌరవం అందుకొని తిరిగివస్తూ కారు ప్రమాదంలో మరణించారు. ఏడేళ్లలోపు పిల్లలకు తల్లిభాషలోనే విద్య నేర్పే “భాషా గూళ్ల”కు ఆ చట్టం సహాయమిస్తుంది. గూటికి కనీసం 10 మంది పిల్లలుండాలని మొదటి నియమం. చిన్న జాతులకు అది అందని మెట్టు. వారు పట్టువిడువక అడిగారు. 2019లో ఆ సంఖ్యను 5కు తగ్గించారు.

ఆ వాక్యం చదివినప్పుడు నాకు మా మూడవ తరగతి తొమ్మిది మంది గుర్తుకు వచ్చారు.

ఇటీవలి సంగతులు

2010 నాటి చట్టంతో సుమారు 200 కోట్ల డాలర్లు నాలుగేళ్లలో కమ్యూనిటీ కళాశాలల వృత్తి శిక్షణకు చేరాయి. అంతకు ముందటి ఏడు అధ్యక్షుడు ఒబామా ప్రతిపాదించినది 1,200 కోట్లు. 2021లో రెండేళ్ల ఉచిత విద్యకు 10,900 కోట్ల డాలర్ల ప్రతిపాదన వచ్చి, ఆ ఏడే బేరసారాలలో తొలగిపోయింది. అప్పటి అధ్యక్షుని సతీమణి జిల్ బైడెన్ స్వయంగా కమ్యూనిటీ కళాశాల అధ్యాపకురాలు. 2022 ఫిబ్రవరిలో ఆ వార్తను కళాశాలల ప్రతినిధులకు ఆమే చెప్పవలసివచ్చింది. 2025 జూలై 4న వచ్చిన చట్టం 8 నుండి 15 వారాల చిన్న వృత్తి కోర్సులకు కూడా పెల్ సహాయాన్ని విస్తరించింది. అమలు తేదీ 2026 జూలై 1.

లెక్క ఇచ్చినట్లే తీసుకొంటుంది కూడా. స్పానిష్ మూలాలవారు 25 శాతం ఉన్న కళాశాలలకు 1992 సవరణల నుండి ప్రత్యేక గుర్తింపు ఉండేది. వాటిలో కమ్యూనిటీ కళాశాలలు అనేకం. 2025 సెప్టెంబరులో సమాఖ్య విద్యాశాఖ, అటువంటి శాతం నియమం రాజ్యాంగ విరుద్ధమంటూ ఆ నిధులలో చాలా భాగాన్ని నిలిపివేసింది.

మనకు దీనివలన ఏమి?

మన దేశంలో 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక తీర్మానం చేసింది. ప్రాథమిక స్థాయిలో తరగతికి 10 మంది గాని, బడి మొత్తానికి 40 మంది గాని ఒక భాష పిల్లలుంటే, ఆ భాషలో బోధించే ఉపాధ్యాయుని నియమించాలి. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించాలని చెప్పింది. అంటే మనకూ హక్కు ఉన్నది. హక్కుకూ తరగతి గదికీ నడుమ ఉన్నది ఆ లెక్కే.

మిత్రులారా, నవాహోలకు మన కంటె ఎక్కువ ధనమో బలమో ఉండలేదు. వారు చేసినవి మూడు పనులు. తమ పిల్లలను తామే లెక్కించి నమోదు చేశారు. విడివిడిగా అడగక ఆరు కళాశాలలూ ఒక్క గొంతుగా అడిగారు. చట్టం వచ్చిన నాడు ఇంటికి పోక, ఏటేటా కేటాయింపు కోసం మరల మరల వెళ్లారు.

తల్లిదండ్రులకు నా విన్నపం. ప్రవేశపత్రంలో మాతృభాష అన్న గడిని ఖాళీగా వదలకండి, పక్కవారిని చూసి వేరే భాష పేరు వ్రాయకండి. ఇంట్లో మాట్లాడేది తెలుగైతే తెలుగనే వ్రాయండి. జనగణన వచ్చినప్పుడూ అంతే. ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం. మే నెలలోనే ఇంటింటికీ వెళ్లి వచ్చే ఏటి పిల్లల జాబితా వ్రాసుకోండి. ఎవరైనా బిడ్డను మార్చాలనుకొంటే, ఆ బిడ్డ ఎన్నవవాడో తండ్రికి నెమ్మదిగా చెప్పండి. ఆ తరువాత నిర్ణయం వారిదే.

నేను ఆ ఏడు ఆ తండ్రి ఇంటికి వెళ్లలేదు. అందుచేతనే ఇంత దూరపు కథను మీకు చెప్పాను.